రెండో రకం ఆకునాడి

2086లో విశాఖపట్నంలో తెల్లారితే పాల ప్యాకెట్టు కన్నా ముందు జనం చూసుకునేది గంజాయి మొక్కని. వినడానికి మోటుగా ఉంటుంది గానీ, ఆ మాటకున్న పాత కంపు ఎప్పుడో వదిలిపోయింది. మూర్ఛ రోగి ఉన్న ఇంటికి ఒకే ఒక్క మొక్క ఇచ్చేవారు. ఆ రోగి ఒంటికి సరిపడేలా జన్యువులు దిద్ది, సర్కారు ముద్ర వేసిన కుండీలో పెట్టి మరీ ఇచ్చేవారు. దాని పూతలోంచి ఇంట్లోనే ఓ చిన్న యంత్రం నూనె తీసేది. రోజుకి నాలుగు చుక్కలు. మొక్క చచ్చిందా, ఇంకోటి తయారై రావడానికి ఆరు నెలలు. అందుకే కింది ఆకు పసుపు తిరిగితే ఇంటిల్లిపాదీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకునేవారు.

పసుపు తిరగడానికి కారణం ఒకటైతేగా! నత్రజని చాలకపోతే మొక్క ముదురాకుల్లోంచి లాగి చిగుళ్లకి పెట్టుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే వేళ్లకి ఊపిరాడదు, అప్పుడూ కింది ఆకులే పండుతాయి. కంటికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఈ చిక్కు విప్పడానికే పైడిరాజు అనే ఇంజనీరు ఆకునాడిని కనిపెట్టాడు. అది బట్టలారేసే క్లిప్పంత ఉంటుంది. కాండానికి తగిలించి, దాని మీద వేలు ఆనించి అడిగితే చాలు. లోపలి రసం పరుగునీ వేళ్ల ఊపిరినీ సెన్సర్లతో చదివి, జబ్బేమిటో మనిషి గొంతుతో చెప్పేది. ఒక్కసారి కూడా తప్పు చెప్పి ఎరగదు.

అదే దాని కొంప ముంచింది. నూటికి తొంభై మొక్కలకి అది చెప్పిన జబ్బు ఒక్కటే, పెంచేవాళ్లు. నువ్వే ఎక్కువ పోశావు, నువ్వే ఎండలో మాడ్చావు అని మొహం మీదే చెప్పేది. నిజమాడితే నిష్ఠూరమని ఊరికే అన్నారా? మధురవాడలో ఓ రిటైర్డు హెడ్మాస్టరు దాన్ని రోట్లో వేసి దంచాడు. అమ్మిన సరుకంతా కంపెనీకి తిరిగొచ్చింది. యజమాని పైడిరాజుని పిలిచి నెల రోజులు గడువిచ్చాడు.

పైడిరాజు రెండో రకం తయారుచేశాడు. ఎలాగూ వేలు ఆనిస్తారు కదా, ఆ వేల్లోంచి మనిషి నాడి చదివి, ఏ కారణం వింటే వాళ్ల గుండె కుదుటపడుతుందో ఆ కారణమే చెప్పే ఏర్పాటది. దానికి ఓదార్పు పొర అని పేరు పెట్టాడు. పక్కింటి పొగ, మునిసిపాలిటీ నీళ్లు, ఆడపడుచు దిష్టి. ఆడలేక మద్దెల ఓడన్న జాతికి ఇంతకన్నా ఏం కావాలి? ఏడాది తిరక్కుండా మొక్క ఉన్న ప్రతి ఇంట్లోకీ దూరిపోయింది.

అతని పై అధికారి, డాక్టర్ నూకరత్నం ఒక్కతే ఒప్పుకోలేదు. "రాజూ, నువ్వు నాడి చూడాల్సింది మొక్కకి. మనిషికి చూస్తున్నావు. మొక్కలు చస్తాయి," అంది.

"మొక్క బతకాలని ఎవరికుంది మేడమ్? తప్పు తమది కాకపోతే చాలు వాళ్లకి," అన్నాడు పైడిరాజు నవ్వుతూ.

అందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడ్డట్టు, ఆ పసుపు అతని ఇంటికే వచ్చింది. అతని కూతురు వేణికి తొమ్మిదేళ్లు. మూర్ఛ పిల్ల. నాలుగు చుక్కల పుణ్యమా అని స్కూలుకెళ్లేది, ఎక్కాలు గట్టిగా చదివి ఇల్లెగరగొట్టేది. బిడ్డని కాపాడే మొక్క దేవుడితో సమానమని తల్లి కనకం దాన్ని కుండీలోంచి తీసి, పెరట్లో తులసికోటలో నాటింది. రోజూ తలస్నానం చేసి, కోటకి బొట్టు పెట్టి, చెంబెడు నీళ్లు పోసి దణ్ణం పెట్టుకునేది. అది సిమెంటు కోట. అడుగున చిల్లు లేదు.

కింది ఆకులు పండాయి. కనకం రెండో రకం మీద వేలు పెట్టింది. ఎదురింటి ఏసీ వేడిగాలి అని చెప్పిందది. ఆవిడ మొగుణ్ని కూడా అడిగింది. యంత్రం అబద్ధం చెబుతుందా అని అతను నోరారా అనేశాడు. అంతే, ఆవిడ కొంగు బిగించి ఎదురింటివాళ్లని వీధిలోకి లాగి కడిగేసింది.

పైడిరాజు బీరువాలో మొదటి రకం ఒకటి మిగిలింది. ఓ మధ్యాహ్నం కనకం బజారుకెళ్లినప్పుడు దాన్ని కాండానికి తగిలించాడు. నీళ్లు ఎక్కువ, పది రోజులు ఆపితే బతుకుతుంది అందది.

చెబుదామనే అనుకున్నాడు. చెబితే తన యంత్రం అబద్ధాలకోరని ఒప్పుకోవాలి. తన నోరూ అంతేనని ఒప్పుకోవాలి. బిడ్డ గురించి భయం ఉంది, కాదనను. కానీ సిగ్గు ఆ భయం కన్నా పెద్దదైంది. రేపు చెబుదాంలే అనుకున్నాడు. అలా పన్నెండు రేపులు గడిచాయి. పొద్దున్నే కాఫీ తాగుతూ, పెళ్లాం చెంబు వంచడం చూస్తూ కూర్చున్నాడు.

మొక్క చచ్చింది. నాలుగో రోజుకి నూనె అయిపోయింది. ఐదో రోజు వేణికి వచ్చిన మూర్ఛ నలభై నిమిషాలు వదల్లేదు. పిల్ల బతికింది. ఎక్కాలు పోయాయి, మాట పోయింది, అమ్మ ఎవరన్న గుర్తు కూడా పోయింది.

పిల్లని చూడటానికి నూకరత్నం వచ్చింది. ఎండిన కాండం చూసి, మొదటి రకం తెప్పించమంది. అడిగినవాళ్ల వేలిముద్రలు, తేదీలు దాంట్లో నిలవుంటాయి. ఆ సంగతి పైడిరాజుకి తెలుసు గనక ముందే తల దించుకున్నాడు.

"రెండు వేళ్లున్నాయి రాజూ," అందావిడ. "పన్నెండో తేదీన నీది. పద్నాలుగున కనకానిది."

పైడిరాజు తలెత్తి పెళ్లాం వంక చూశాడు.

"నీళ్లు మానీసుంటే బతికీది," అంది కనకం. "బతికితే నేనే చంపుతున్నానని తేలిపోయీది కదండీ."

నూకరత్నం మంచినీళ్లైనా ముట్టకుండా వెళ్లిపోయింది.

ఆరు నెలలకి కొత్త మొక్క వచ్చింది. వేణికి మూర్ఛలు ఆగలేదు గనక, ఇక మిగిలిన ప్రాణానికి అదే దిక్కు. దాన్నీ కోటలోనే పెట్టారు. కనకం చెంబు ముట్టుకోలేదు, మట్టి ఆరితే గరిటెడు పోసేది. మొక్క ఏపుగా పెరిగింది. కింది ఆకులు కూడా కారుపచ్చగా నిలిచాయి. ఆ పచ్చదనం చూడలేక మొగుడూ పెళ్లాం చెరో పక్కకీ మొహం తిప్పుకునేవారు. పోయిన మొక్క ఇలాగే ఉండేదని ప్రతి ఆకూ వాళ్లకి చెబుతూనే ఉంది.

రెండో నెలలో ఓ పొద్దున పైడిరాజు పెరట్లోకి వచ్చేసరికి కోటలో మట్టి బురదలా ఉంది. కింది ఆకొకటి పసుపు తిరిగింది. వేణి మెట్టు మీద కూర్చుని చొంగ కారుస్తూ ఆకాశం చూస్తోంది. వంటింట్లో కనకం దోసెలు పోస్తోంది. పోశావా అని అతను అడగలేదు. జేబులోంచి రెండో రకం తీసి, కాండానికి తగిలించి, వేలు ఆనించాడు.

ఎదురింటి ఏసీ వేడిగాలి అని చెప్పింది యంత్రం, మెత్తగా.

ఆ గొడవతో ఎదురింటివాళ్లు ఖాళీ చేసి అప్పటికి ఏడు నెలలు. ఏసీ కూడా పీక్కుపోయారు. గోడకి దాని చిల్లు మాత్రం ఉంది.

పైడిరాజు ఆ చిల్లు వంక చాలాసేపు కోపంగా చూశాడు. గుండె కుదుటపడింది. దోసెలు తినడానికి లోపలికి వెళ్లాడు.