పద్నాలుగో నంబర్ ఇంట్ల డోలక్

దెయ్యాలు లేవు. ముందుగాల ఈ మాట చెప్పి మొదలువెడ్త. దినాం మోకరించి ప్రార్థన చేసేటోళ్లం, మాకు దెయ్యాల భయమేంది? కానీ నాచారంల మూతబడ్డ మిల్లు ఎనక పాత క్వార్టర్ల సందు ఉంది సూడు... పొద్దూకినంక ఆ సందుల నుంచి నేను పోను. చుట్టు తిరిగి పోత. నవ్వుకుంటే నవ్వుకోండ్రి.

ఆ సందుల పద్నాలుగో నంబర్ ఇల్లు ఇరవై ఆరేండ్ల నుంచి ఖాళీగనే ఉంది. గోడలు పగిలినయి. కిటికీ రెక్కలు ఎవరో పీక్కపోయిన్రు. గసోంటి ఇంట్ల ఏడాదికి ఒక్కసారి, డిసెంబర్ ఇరవై రెండు రాత్రి... డోలక్ మోగుతది. పాలు పోసే త్రిమూర్తులు ఒకసారి విని, బండి అక్కడ్నే పడేసి ఉరికిండు. తెల్లారి ఆ బండి నేను గూడ చూసిన.

ఆ డోలక్ ఎవరిదో మాకందరికి ఎరికే. పౌలు మామది.

మామ మిల్లుల ఫిట్టర్. క్రిస్మస్ ముందు రాత్రిపూట ఇంటింటికి తిరిగి పాడే మా చర్చి క్యారల్స్‌కు ఆయన డోలక్ లేకుంటే పాటకు పానమే రాకపోయేది. ఇరవై ఆరేండ్ల కింద కాలిరిగి మంచంల పడ్డడు. "నేను మీ ఎంబడి రాలేను గదా, మీరే నా ఇంటికి రాండ్రి. గడపల కూసొని కొడ్త" అని కబురు పంపిండు. మంచంల ఉన్నోళ్ల ఇంటికి క్యారల్స్ తప్పకుండ పోవాలె, అది మా రివాజు. కానీ ఆ డిసెంబర్ ఇరవై రెండు రాత్రి మేం పోలే. తెల్లారి సూస్తే... గడపల కుర్చీల కూసొని, ఒళ్లె డోలక్ పెట్టుకొనే పానం విడిచిండు.

మా చిన్నమ్మ కొడుకు క్రిస్టోఫర్ పోయిన డిసెంబర్ల పుణె నుంచి వచ్చిండు. ఎనిమిదేండ్లకు తీరిక దొరికింది దొరగారికి! ఉప్పల్‌ల మెట్రో దిగంగనే ఫోన్ జేసిండు. "ఎస్తేరక్కా, మల్కాజిగిరి పెద్దమ్మను సూసొస్త. మనం ఆడుకున్న జాగలన్ని ఒకసారి తిరిగొస్త. రాత్రికి నీ ఇంట్ల తింట." నేను బగారన్నం వండి కూసున్న. ఎనిమిదైంది... తొమ్మిదైంది... తారీకు నేను గూడ సూసుకోలే. పది కొట్టంగ వచ్చిండు. మొఖంల నెత్తురు సుక్క లేదు. రెండు చెంబుల నీళ్లు తాగి అప్పుడు చెప్పిండు. వాడు చెప్పిందే మీకు చెప్తున్న.

బడి గోడ సూసిండట. మిల్లు గేటు సూసిండట. ఇగ నా ఇంటికి రావాలె. కానీ కాళ్లు వాటంతట అవే ఆ సందులకు మళ్లినయి. వీధి లైటు లేదు. ఫోన్ లైటు ఏసుకొని నడిచిండు. ఆరో నంబర్... తొమ్మిది... పదకొండు...

ధిం.

ఆగిండు. కుక్క గూడ మొరుగుతలేదు.

ధిం... తక ధిం...

పద్నాలుగో నంబర్ కిటికీల ఎర్రటి వెలుగు. క్రిస్మస్‌కు కట్టే కాయితం స్టార్. గాలి లేకున్నా మెల్లగ తిరుగుతుంది.

"ఎనకకు ఉరికి రాకపోయినవురా, తిక్కలోడా!" అని తిట్టిన.

"ఎట్ల ఉరుకుత అక్కా," అన్నడు. "ఆ రాత్రి ఆ ఇల్లు దాటిచ్చింది నేనే."

నా చేతిల గంటె అట్లనే ఆగింది.

అప్పుడు వానికి పదకొండేండ్లు. మా గుంపు కంటె ముందు లాంతరు పట్టుకొని పోయి, ఇంటోళ్లు లేసున్నరా లేదా సూసొచ్చే పని వానిది. చలికి కాళ్లు గుంజినయట. పక్క వీధిల సూపర్‌వైజర్ సార్ ఇంట్ల మాకోసం కేకు, సమోసాలు పెట్టి ఉంచిన్రు. వీడు సందు మొదట్ల నుంచే వాపస్ వచ్చి, "మామోళ్లు లైటు ఆర్పి పండుకున్నరు" అని చెప్పిండు. పండుకున్నోళ్లను లేపుడెందుకు, పొద్దున పోదాం అన్నరు పెద్దోళ్లు. నాకు యాదికుంది. ఆ కేకు నేను గూడ తిన్న.

ఇరవై ఆరేండ్లు... కట్టుకున్న పెండ్లానికి గూడ చెప్పలేదట వాడు.

అందుకే ఉరకకుండ ఆ గడప దాక పోయిండు. తలుపు ఓరగ ఉంది. డోలక్ మోగుతనే ఉంది. లోపటి నుంచి గుసగుసగ ఒక మాట...

"వచ్చిన్రా?"

వాడు మోకాళ్ల మీద కూలవడ్డడు. "మామా! నువ్వు లైటు ఆర్పలే. నేనే అబద్ధం చెప్పిన. కేకు కోసం చెప్పిన మామా... మాఫ్ చెయ్యి!"

డోలక్ ఆగింది.

కాలు ఈడ్సుకుంట ఎవరో వస్తున్నరు... తలుపు కిర్రుమంది... ముందు ఒక చెయ్యి కనబడ్డది. ఎనక తెల్ల ఎంటికలు. శాలువా.

రాహేలత్త! పౌలు మామ భార్య. కాప్రాల ఉన్న బిడ్డ ఇంట్ల ఉంటది, నిండు నూరేండ్లు బతకాలె ఆమె. ఏటా ఆ రాత్రి ఎవరికి చెప్పకుండ వచ్చి, బ్యాటరీ బల్బుతోని స్టార్ కట్టి, క్యారల్స్ వచ్చే యాళ్ల దాక కూసొని పోతదట. చెప్తే పిచ్చి లేసిందంటరని చెప్పలేదట. ఓ దేవా! ఇన్నేండ్లు మేం భయపడ్డది ఆ ముసలామెకా!

"ఏమన్నవ్? మళ్లొకసారి చెప్పు," అన్నది అత్త.

వాడు ఏడ్సుకుంట మళ్ల చెప్పిండు.

ఆమె గడపల కూలవడ్డది. "ఆ రాత్రి నాకు జరంత కునుకు వట్టింది బిడ్డా. లేసి సూస్తే స్టార్ల బల్బు మాడిపోయుంది. ఈయన పోయిండు. చీకటి సూసే మీరు దాటిపోయిన్రనుకున్న. కండ్లు మూసుకొని నా మొగన్ని నేనే చంపుకున్న అనుకున్న... ఇన్నేండ్లు."

"కొట్టు అత్తా," అన్నడు వీడు.

"కొట్టాలనే ఉందిరా." రెండు చేతులతోని వాని రెండు చేతులు గట్టిగ పట్టుకున్నది. "ముందు ఆ రాత్రి పాడని పాట పాడు."

వాడు కండ్లు మూసుకొని షురూ జేసిండు. మొదటి చరణం ఎట్లనో అయింది. రెండో చరణం ఎత్తుకున్నడో లేదో...

ధిం... తక ధిం...

లోపటి నుంచే. పాటకు సరింగ తాళం.

కండ్లు తెరిసిండు. అత్త రెండు చేతులు వాని చేతులనే పట్టుకొనున్నయి.

"అత్తా... లోపట ఎవరున్నరు?"

"పాట ఆపకు," అన్నది అత్త మెల్లగ. "నాకు డోలక్ కొట్టుడు రాదు బిడ్డా."

దెయ్యాలు లేవు. ఇప్పటికి నేను గదే అంట. కానీ ఈ ఏటి క్యారల్స్ లిస్టు రాసే పని నా మీద పడ్డది. మొదట పద్నాలుగో నంబర్ ఇల్లే రాసిన.