ఆపరేషన్ ఎండమావి

“ఈసారి నీ చేతిలో పిస్టల్ ఉండదు. స్క్రూడ్రైవర్ ఉంటుంది,” అన్నాడు చీఫ్.

ఆ స్క్రూడ్రైవర్ పిడిలో ట్రాన్స్‌మిటర్ ఉంది. డిపార్ట్‌మెంట్‌లో అందరూ ‘డేగ’ అని పిలిచే ఏజెంట్ దాన్ని తిప్పి చూశాడు.

“విదేశీ ముఠా. ఆపరేషన్ పేరు ఎండమావి. ఇళ్ళ మీది సోలార్ ప్యానెళ్ళను నడిపే ఇన్వర్టర్లలో దొంగ ప్రోగ్రామ్ దూర్చారు. మిట్టమధ్యాహ్నం ఒక్క సిగ్నల్ పంపితే నగరంలోని ప్యానెళ్ళన్నీ ఒకేసారి ఆగుతాయి. ఆ దెబ్బకి గ్రిడ్ కూలుతుంది. ముందు ఒక వీధిలో టెస్ట్ చేస్తారు. ఆ వీధిలో అవే ఇన్వర్టర్లతో ప్యానెళ్ళు మనమే పెట్టించి ఎరగా వేస్తాం. అప్పుడు మనం సిగ్నల్ తోక పట్టుకుని వాళ్ళ స్థావరం దాకా పోవాలి.”

“ఎర వీధి ఏది సర్?”

“మీ అక్కగారిది. అక్కడ నిన్నెవరూ అనుమానించరు. ఎవరికీ ఒక్క ముక్క చెప్పకు.”

డేగ తల ఊపాడు. ఆ తల ఊపినందుకు తర్వాత చాలా సిగ్గుపడ్డాడు.

సేల్స్‌మన్ టోపీ పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. “పగలంతా మీ పైకప్పే కరెంటు ఇస్తుంది. మిగిలింది బ్యాటరీలో దాచుకోండి. దాంతోనే కారూ నడుస్తుంది. పొగ లేదు, రొద లేదు, పెట్రోలు బంకు మొహం చూడక్కర్లేదు. బయట కరెంటు పోయినా మీ ఇంట్లో ఫ్యాను ఆగదు.” చెప్పేవన్నీ నిజాలే, చెప్పే మనిషే అబద్ధం. అక్క మాత్రం ఒక్క ప్రశ్న కూడా వేయకుండా మొదటి ప్యానెల్ తనే పెట్టించుకుంది.

ఎలక్ట్రిక్ కార్ల షోరూమ్‌లో ‘నెమలి’ అనే మారుపేరున్న ఆమె పనిచేసేది. నడకలో నాట్యం, నవ్వులో కత్తి. ముఠాకీ డిపార్ట్‌మెంట్‌కీ కూడా వార్తలు మోసే డబుల్ ఏజెంట్. టెస్ట్ డ్రైవ్‌లో స్టీరింగ్ తిప్పుతూ, “ఈ బండికి కరెంటు తాగడమే కాదు, అవసరమైతే ఇంటికి తిరిగి పోయడమూ తెలుసు,” అంది. తర్వాత గొంతు తగ్గించింది. “రేపు ఎండ మండిపోతుందట.”

అది కోడ్. రేపు మధ్యాహ్నమే టెస్ట్.

మర్నాడు డేగ అక్క ఇంట్లో అడుగుపెట్టి గుమ్మంలోనే ఆగిపోయాడు. ముందుగదిలో మంచం మీద, ఆసుపత్రిలో ఉండాల్సిన బావ. ముక్కుకి గొట్టం. పక్కన గురగురమంటూ ఆక్సిజన్ మెషీన్.

“పొద్దున్నే ఆసుపత్రి నుంచి తెచ్చేశాం రా,” అంది అక్క మురిసిపోతూ. “కరెంటు పోయినా భయం లేదని నువ్వే చెప్పావుగా! సిలిండర్ కూడా వద్దని తిరిగిచ్చేశా.”

డేగ చప్పున కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే వీధి చివర ముఠా మనిషి నిలబడి ఉన్నాడు. ఇప్పుడు హడావిడి చేస్తే పిట్ట ఎగిరిపోతుంది. అక్క మొహం చూడలేక పెరట్లోకి వెళ్ళి నెమలికి ఫోన్ చేశాడు.

“అక్క ఇంటికి కారు కావాలి. కేబుల్‌తో సహా. వెంటనే.”

లైన్ కట్టయింది.

మధ్యాహ్నం ఇన్వర్టర్ మీది ఆకుపచ్చ దీపం ఎర్రబడింది. ఫ్యాన్లు ఆగాయి. వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఠాప్‌మని పేలింది. ఆక్సిజన్ మెషీన్ కీచుమని అరిచి మూగబోయింది.

“ఒరేయ్ తమ్ముడూ! మీ బావ!”

డేగ స్క్రూడ్రైవర్‌ని ఇన్వర్టర్‌కి గుచ్చాడు. చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు: “సిగ్నల్ దొరికింది. లైన్ తెంచకు. ఊరందరికీ పంపే మీట వాళ్ళ చేతిలోనే ఉంది!”

ఇన్వర్టర్ ఆపి మళ్ళీ వేస్తే బ్యాటరీ నుంచి ఇంటికి కరెంటు వస్తుంది. కానీ లైన్ తెగుతుంది. డేగ చెయ్యి స్విచ్ దగ్గరే ఆగిపోయింది. బావ పెదాలు నీలమవుతున్నాయి. ఆగిన ఆ చేతిని అక్క చూసింది. అన్నీ అర్థమైనట్టు చూసింది.

ఇక తట్టుకోలేకపోయాడు. “క్షమించండి సర్,” అంటూ స్విచ్ పట్టుకున్నాడు.

గేటు ధడాలుమంది. కారు వాకిట్లోకి దూసుకొచ్చింది. నెమలి కేబుల్ ఈడ్చుకుంటూ పరుగెత్తుకొచ్చి మెషీన్ ప్లగ్ అందులో గుచ్చింది. గురగుర మళ్ళీ మొదలైంది. బావ ఛాతీ పైకి లేచింది. డేగ స్విచ్ నొక్కకుండానే వదిలేశాడు.

“అటు వాళ్ళకీ ఇటు వాళ్ళకీ ఎన్నో అబద్ధాలు చెప్పాను,” అంది ఆమె రొప్పుతూ. “ఈ కారు గురించి చెప్పినవి మాత్రం నిజాలే.”

ఇయర్‌పీస్‌లో తలుపులు విరిగిన చప్పుడు, కేకలు. “దొరికారు! మీట మీద వేలు పెట్టి ఉండగానే! శభాష్ డేగా!”

ఆ శభాష్ చెంపదెబ్బలా తగిలింది.

“నీకు ముందే తెలుసా?” అంది అక్క.

“తెలుసక్కా.”

అక్క తిట్టలేదు. భర్త నుదుటి చెమట తుడుస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేదనిపించింది డేగకి. తల వంచుకుని మంచం కాళ్ళ దగ్గర చతికిలబడ్డాడు.

బావ మెల్లగా కళ్ళు తెరిచాడు. కారునీ, కేబుల్‌నీ, బావమరిదినీ వరసగా చూశాడు.

“బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు,” అన్నాడు ఆయాసపడుతూ. “కోరుకో నాయనా, వద్దనను. ఈసారి మాత్రం మీ ఆఫీసు వాళ్ళని అడక్కుండా కోరుకో.”