ప్రభువు దవడ

మిట్టమధ్యాహ్నం... సూర్యబింబాన్ని గ్రహణం మింగేసింది! ఆల్ప్స్ కొండల నడుమ మా ఊరిని కటికచీకటి కమ్మేసింది. కోళ్లు గూళ్లకు చేరాయి. చర్చి గోపురంలో గుడ్లగూబ కూసింది. టంకశాల నేలమాళిగలో, వెండి కరిగే కొలిమి ముందు, మాంత్రికుడు మలాకియాస్ ఒక కపాలాన్ని నిలిపాడు. దాని ఎదుట తాళ్లతో కట్టేసి ఉన్నది మా అమ్మ ఒటీలియా. చిన్నపిల్లని, నేను మెట్ల చాటు నుంచి చూస్తున్నాను.

ఆమె చేసిన నేరం ఒక్కటే. నాణేల అచ్చులు చెక్కే ఫైట్‌కు, అంటే మా నాన్నకు, భార్య కావడం.

మా ప్రభువుది వేలాడే పెదవి, గుర్రపు దవడ. నాన్న ఉన్నదున్నట్టు చెక్కాడు. అచ్చు చూసిన రోజు అమ్మ పడీపడీ నవ్వింది. "ఆ పెదవి మీద కాకి గూడు పెట్టుకోవచ్చు. కాస్త తగ్గించకూడదటయ్యా?"

"తగ్గిస్తే ఎదురింటి రొట్టెలాయన మొహమవుతుందే. సంతలో ఎవడు నమ్ముతాడు?" అన్నాడు నాన్న.

వెండి నాణెం ఊరూరా తిరిగింది. పసిపిల్లలు సైతం దవడలు సాగదీసి వెక్కిరించారు. అవమానంతో రగిలిన ప్రభువు మలాకియాస్‌ను పిలిపించాడు. ఆ వికారాన్ని చెక్కినవాడి ఆలి ముఖంలోకి తోలేస్తాననీ, ఆమె అందాన్ని కొత్త నాణెం మీదికి తెస్తాననీ ఆ దుర్మార్గుడు మాటిచ్చాడు.

మంత్రోచ్చారణ మొదలైంది... కొలిమి నీలంగా మండింది. అమ్మ కేక సగంలోనే ఆగిపోయింది. ఆమె దవడ కిందికి జారింది... ఇంకా జారింది! ఆ నోటిలోంచి ప్రభువు గొంతు నవ్వింది. పక్కనే, ఉలి తగలని కొత్త అచ్చు మీద, ప్రభువు ముఖానికి అమ్మ పెదవులు మొలిచాయి.

మలాకియాస్ పాత అచ్చును, అక్కడే నిలబెట్టి ఉంచిన నాన్న ముందు పడేశాడు. "నా ఊపిరి, నీ పెళ్లాం వికారం, రెండూ ఇందులోనే కట్టేశాను. ప్రభువు మొహం మీద ఉలి పెడితే ఉరికంబమే. పెట్టరా, చూద్దాం."

అతను పరదేశి. కొత్త అచ్చు పుట్టగానే పాతదాని ముఖాన్ని చెక్కినవాడే నిలువునా గాటు పెట్టి, మళ్లీ పనికిరాకుండా చంపాలన్నది మా టంకశాల ఆచారమనీ, దానికి ఉరి పడదనీ అతనికి తెలియదు. తెచ్చుకున్న కపాలం ఎవరిదో కూడా తెలియదు. చర్చి వెనుక ఎముకల కొట్టులో మావాళ్ల పుర్రెలను, నుదుట పేర్లు రాసి, పూలు గీసి దాచుకుంటాం. అతను మసి పూసి కప్పేసిన పేరు మా ముత్తాతది. ఆయనా అచ్చులు చెక్కినవాడే.

నాన్న ఉలి అందుకున్నాడు. అచ్చు చస్తే వికారం చచ్చి, మనిషి మిగులుతుందని ఆశ. సుత్తి ఎత్తాడు, దించలేకపోయాడు. ఆ వేలాడే నోటిలోంచి ఒక్కసారి అమ్మ గొంతు వచ్చింది.

"కొట్టయ్యా. పిల్లని మాత్రం ఇటు రానీకు."

కపాలం మీది మసి తనంతట తానే రాలింది... ముత్తాత పేరు నిప్పులా వెలిగింది! నాన్న చేతి మీద ఎవరిదో బరువైన చెయ్యి పడి, ఉలిని నిలబెట్టింది. సుత్తి దెబ్బ కొండల్లో పిడుగులా మోగింది. మలాకియాస్ ముఖం నుదుటి నుంచి గడ్డం దాకా చీలింది. అతను కూలిన చోట బూడిద తప్ప ఏమీ మిగలలేదు.

వెలుగు వచ్చింది. అమ్మ ముఖం మీదా అదే గాటు. దవడ మళ్లీ ఆమెదే అయింది... ఊపిరి మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు నేను ముసలిదాన్ని. అమ్మ పుర్రె మీద పేరు నేనే రాశాను. ఎముకలో దిగిన గాటు పక్కన నీలిపూలు గీశాను. ప్రభువు ఆ కొత్త అచ్చుతోనే నాణేలు కొట్టించాడు. ప్రతిదాని మీదా అతని ముఖం, మా అమ్మ పెదవులు. రొట్టె కొనే ప్రతిసారీ నాణెం పిడికిట్లో బిగించి నిలబడిపోతాను.

"ఇవ్వు పెద్దమ్మా, వెనక జనం ఉన్నారు" అంటాడు రొట్టెలాయన మనవడు.

ఇచ్చేస్తాను. అతను దాన్ని పెట్టెలోకి తోసి మూత వేస్తాడు.