తుప్పు ట్యాంకు దగ్గర కాపలా

మా కంబోడియాలో బట్టంబాంగ్ నుంచి థాయ్ సరిహద్దుకి పోయే ఎర్రమట్టి రోడ్డు మీద, మా ఊరు దాటగానే, కర్రపెండలం చేల మధ్య ఒక యుద్ధ ట్యాంకు ఉంది. యుద్ధంలో కాలిపోయి అక్కడే ఆగిపోయింది. పాత ఇనుము కొనేవాళ్ళు మా ఇళ్ళ తలుపు గడియలు కూడా వదల్లేదు గానీ, దాని జోలికి మాత్రం పోలేదు. పొద్దుగూకాక అటు కుక్క కూడా పోదు. ఎందుకంటారా... అది అంకెలు చెప్తుంది.

అవునండీ, అంకెలే. చీకట్లో మీరు దాని పక్కనుంచి పోతుంటే — గుసగుసగా — "నాలుగు" అంటుంది. ఒక్కోసారి "ఏడు" అంటుంది. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. మీరు ఏదో జవాబు చెప్పాలని ఎదురుచూస్తున్నట్టు ఉంటుందట. కాసేపటికి ఇనుము మీద ఇనుము పడినట్టు... టక్!

ఎన్ని చెప్తే అన్ని రోజులే ఆయుష్షు అన్నారు కొందరు. మా మంగలి హేంగ్ అయితే వినొచ్చిన అంకె మీద లాటరీ కట్టాడు. పోయి పోయి దెయ్యాన్ని నమ్ముకున్నాడు, డబ్బులు పోయాయి, వారం రోజులు పెళ్ళాం చేత తిట్లు తిన్నాడు.

నన్నడిగితే దెయ్యాలంటే నాకు పెద్ద భయం లేదు. పాతికేళ్ళుగా దెయ్యం పట్టినవాడి పక్కనే పడుకుంటున్నా.

మా ఆయన సారున్ సర్కారు సైన్యంలో చేశాడు. యుద్ధం అయిపోయింది, ఆయనకి తప్ప. రాత్రుళ్ళు అరుస్తూ లేస్తాడు. ఒకసారి నేను భుజం పట్టుకుని లేపబోతే నా గొంతు పట్టుకున్నాడు. తెల్లారి నా మెడ మీద మచ్చలు చూసి, పెరట్లోకి పోయి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ రోజు నుంచి దోమతెర బయట నిలబడి వెదురు కర్రతో అరికాలు పొడిచి లేపుతా. మొగుణ్ణి ముద్దుగా తట్టి లేపే అదృష్టం నాకు లేదు, ఏం చేస్తాం!

మాది కాఫీ కొట్టు. మా ఆయనలాంటి పాత సైనికులు ఇంకా నలుగురైదుగురు అక్కడికే చేరతారు. వాళ్ళదో పద్ధతి. ఒకడు పగటిపూట ఉయ్యాలలో పడుకుంటే, ఇంకొకడు పక్కన కూర్చుని రోడ్డు వైపు చూస్తుంటాడు. "నేను చూస్తున్నా, పడుకో" అనాలి. అలా అంటేనే కన్ను మూస్తారు. గంట కాగానే వంతు మారతారు. మొదట్లో చిరాకు పడ్డాను గానీ, మా ఆయన అలా గురక పెట్టడం పెళ్ళయ్యాక ఎన్నడూ వినలేదు. అందుకే నోరు మూసుకుని కాఫీ పోస్తుంటా.

ఆ గుంపులో కలవనివాడు ఒకడున్నాడు, బొగ్గులు కాల్చే లున్. అడవి వైపు ఒంటరిగా ఉంటాడు. యుద్ధంలో అవతలి పక్షం, అడవి సైన్యం వాడు. బొగ్గు బస్తా దింపి, కొట్టు స్తంభానికి వీపు ఆనించి, నిలబడే కాఫీ తాగి పోతాడు. కళ్ళు ఎప్పుడూ చింతనిప్పుల్లా ఉంటాయి. మావాళ్ళు వాడితో మాట్లాడరు. వాడూ మాట్లాడడు.

అవి ప్చుమ్ బెన్ రోజులు. తెల్లారకముందే గుడికి పోయి, ఆకలితో తిరిగే చచ్చినవాళ్ళ కోసం చీకట్లో అన్నం ముద్దలు విసురుతామే, ఆ పక్షం. హేంగ్ మళ్ళీ ఆ దెయ్యం సంగతి మొదలెట్టాడు. మా ఆయన చదరంగం బల్ల మీంచి తలెత్తాడు.

"అంకె చెప్పాక ఎంతసేపు ఆగిందిరా?"

"నేనేం గడియారం పెట్టుకు కూర్చున్నానా బాబాయ్? లుంగీ ఊడిపోతున్నా ఆగకుండా పరిగెత్తా!"

అందరూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు. ఆయనతోపాటు సైన్యంలో చేసిన ఒంటికాలి రొన్ కూడా నవ్వలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

హేంగ్ వెళ్ళాక అడిగాను, ఏంటయ్యా సంగతి అని.

"దెయ్యం కాదే అది. కాపలా" అన్నాడు. "చీకట్లో ఎవరైనా వస్తే కాపలావాడు ఒక అంకె చెప్తాడు. వచ్చినవాడు ఇంకో అంకె చెప్పి, ఆ రాత్రికి అనుకున్న మొత్తం సరిపెట్టాలి. పది అనుకుంటే నాలుగుకి ఆరు. తప్పు చెప్తే కాలుస్తాడు."

"మరి జనం ఏమీ చెప్పకుండా పారిపోయారు కదా! వాళ్ళనెందుకు కాల్చలేదు?"

"పరిగెత్తేవాడు పల్లెటూరివాడు, వదినా" అన్నాడు రొన్ మెల్లిగా. "సైనికుడైతే కదలకుండా నిలబడిపోతాడు. కాల్చేది వాణ్ణి."

మా ఆయన చదరంగం బల్ల పక్కకి తోశాడు. "అందులో హొన్ ఉన్నాడే."

హొన్ ఆయన చిన్ననాటి నేస్తం. ఆ ట్యాంకులో కాలిపోయిన ముగ్గురిలో ఒకడు. "చచ్చాక కూడా వాణ్ణి కాపలా నుంచి దించడానికి ఎవరూ పోలేదు. ఇన్నేళ్ళుగా డ్యూటీలోనే ఉన్నాడు. నేను పోవాలి."

ఈ మనిషికి పెనం కింద పడినా చాలు, చెయ్యి తుపాకీ కోసం వెతుకుతుంది. చీకట్లో ఆ టక్ వింటే మళ్ళీ ఆ యుద్ధంలోకే పోతాడు. ఈసారి తిరిగొస్తాడని నాకు నమ్మకం లేదు. కాళ్ళు పట్టుకున్నాను, తిట్టాను, అన్నం మానేస్తానన్నాను. వినలేదు.

ఆ రాత్రి రోడ్డు వరకు వెంటపోయాను. నన్ను ఒక చెట్టు కింద నిలబెట్టి ఒక్కడే చేలోకి దిగాడు. ఇక్కణ్ణుంచి ఆయన చెప్పిందే చెప్తున్నా.

చంద్రుడు లేడు. పెండలం ఆకులు మోకాళ్ళకి రాసుకుంటున్నాయి. ట్యాంకు నల్లగా ఎదురొచ్చింది. దగ్గరికి పోయాడు... ఇంకా దగ్గరికి...

"నాలుగు."

అచ్చం మనిషి గొంతే. ఎన్నాళ్ళుగానో మాట్లాడక బొంగురుపోయిన గొంతు.

మా ఆయన కాళ్ళు ఆగిపోయాయి. రొన్ చెప్పినట్టే — సైనికుడు కదా — కదలకుండా నిలబడిపోయాడు. ఆరు అందామని నోరు తెరిచాడు. పది తమవాళ్ళ లెక్క. అది హొన్ గొంతు కాదని అప్పుడు తెలిసింది. ఎవడిదో లెక్క, ఏ రాత్రిదో లెక్క! ఆరంటే చస్తాడు. ఊరుకున్నా చస్తాడు.

టక్.

ఆ చప్పుడేంటో ఆయనకి తెలుసు. గుండు గొట్టంలోకి ఎక్కింది.

"చెమటతో చొక్కా తడిసిపోయిందే" అన్నాడు నాతో. "అప్పుడు మన కొట్టులో ఉయ్యాల గుర్తొచ్చింది." ఏ సైన్యం వాడైనా కాపలాలో నిలబడి వినాలనుకునే మాట ఒక్కటే ఉంటుంది. అంకె సంగతి వదిలేసి, దగ్గి, ఆ మాటే అన్నాడు.

"కాపలా మారింది. నేను చూస్తా. నువ్వు పోయి పడుకో."

తర్వాత — చీకట్లో — ఎవరో వెక్కినట్టు వినపడింది.

"ఇంత ఆలస్యమా..."

ట్యాంకు వెనకనుంచి ఒక మనిషి లేచాడు. బొగ్గు వాసన. లున్! రెండు చేతులతో తుపాకీ అందించాడు. మా ఆయన తీసుకున్నాడు. వాడు చెవి దగ్గరికొచ్చి గుసగుసగా అన్నాడు...

"లోపల ముగ్గురున్నారు. ఈ ట్యాంకుని పేల్చింది నేనే. ఇంకా తడుతున్నారు. బయటికొస్తే... కాల్చొద్దు, అన్నా. ఈసారి కాల్చొద్దు."

ఇటు నా సంగతి వినండి. చేలోంచి అడుగుల చప్పుడు. ప్రాణం లేచొచ్చింది, మా ఆయనే అనుకున్నా. తీరా చూస్తే లున్! ఖాళీ చేతులతో, నిద్రలో నడిచేవాడిలా.

"చెల్లీ, ఎక్కడ పడుకోను?"

"మా ఆయనేడి?"

"నా తుపాకీతో కాపలాలో ఉన్నాడు."

వాడు నిలబడే తూలుతున్నాడు. ఏం చేయాలో తోచక కొట్టుకి తీసుకొచ్చి ఉయ్యాల చూపించాను. పడుకున్నాడు. కళ్ళు మాత్రం తెరుచుకునే ఉన్నాయి. అది చూసి నాకే తెలియకుండా అనేశాను. "నేను చూస్తున్నా, పడుకో." అంతే, గురక.

నేను మాత్రం తెల్లవార్లూ తుపాకీ చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నా. మా ఆయన తన్ను తాను కాల్చుకుంటాడేమోనని ఒక భయం. హొన్‌ని చంపినవాడు ఈ లున్నేనని అప్పటికి నాకు తెలీదు. తెలిస్తే ఉయ్యాల ఇచ్చేదాన్నో లేదో!

వెలుతురొచ్చాక మా ఆయన వచ్చాడు. అరచెయ్యి తెరిచి చూపించాడు. తుపాకీలోంచి తీసిన నిజం గుండు, ఇత్తడి ఇంకా మెరుస్తోంది. ఇన్నేళ్ళూ పరిగెత్తినవాళ్ళంతా ఎంత అదృష్టవంతులో అప్పుడర్థమైంది.

"తుపాకీ నా చేతిలో ఉంది, వాడు వీపు చూపించి పోతున్నాడు" అన్నాడు. "ఒక్క వేలు కదిపితే చాలు. కానీ కాపలా తీసుకున్నాను కదే. వాణ్ణి పడుకోమన్నాను కదా."

ఉయ్యాల పక్కన కూర్చుని, నిద్రపోతున్న లున్ మొహం వైపు చూస్తూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

ఆ రోజు నుంచి లున్ మా కొట్టులో పడుకోవాలంటే ట్యాంకు దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. ఖాళీ తుపాకీతో మా ఆయన ఒక రాత్రి, రొన్ ఒక రాత్రి పోతున్నారు. రొన్ మొదట "వాడి కోసం నేనెందుకు చావాలి" అని ఎగిరాడు. తర్వాత తనే పోయాడు. తట్టడం సంగతి అడిగితే నవ్వేశాడు. "పగలంతా కాగిన ఇనుము, వదినా. రాత్రి చల్లారుతూ టకటకమంటుంది." మా ఆయన్ని అడిగితే మాత్రం లేచి పెరట్లోకి పోయేవాడు.

ప్చుమ్ బెన్ ఆఖరి రోజు ముందు ఇద్దరికీ జ్వరం తగిలింది. లున్ సాయంత్రం నుంచీ లేస్తున్నాడు, కూర్చుంటున్నాడు, చేల వైపే చూస్తున్నాడు. ఇక లాభం లేదని నేనే పోయాను.

పొద్దు మునిగాక ఇనుము టకటకమంది. రొన్ చెప్పినట్టే. కాసేపటికి చల్లారిపోయింది, ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నా. దుప్పటి కప్పుకుని, గుడికి తీసుకుపోవాల్సిన అన్నం ముద్దల ఆకు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా.

తెల్లారగట్ల మంచు పడింది. ఇనుము మీద చెయ్యి వేస్తే మంచుగడ్డలా ఉంది. అప్పుడు — నా అరచేతి కిందనే — లోపల్నుంచి...

తట్టారు.

ఒకసారి. ఆగి, ఇంకోసారి. అలిసిపోయినవాళ్ళు తట్టినట్టు.

పరిగెత్తలేకపోయాను, అది నిజం. అన్నం ముద్దలు ఒక్కొక్కటే తీసి ట్యాంకు మీద పెట్టాను. నుదురు ఆ ఇనుముకి ఆనించి, లున్‌కి చెప్పినట్టే మెల్లిగా చెప్పాను.

"హొన్... మీరంతా వినండయ్యా. కాపలా మారింది. మేం చూస్తున్నాం. పడుకోండి."

తెల్లగా తెల్లవారే దాకా అలాగే ఉన్నాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన జ్వరంతో దోమతెరలో కూర్చుని ఉన్నాడు. నా మొహం వంక చాలాసేపు చూశాడు.

"తట్టారా?"

చెయ్యి లోపలికి పెట్టి, కర్ర లేకుండానే, ఆయన భుజం తట్టాను.

"లేదు" అన్నాను. "పడుకున్నారు."