వెనక్కి చెప్పాల్సిన మాట

ఆదివారం ఉదయం ఆరున్నరకి, బాల్కనీలో విహాన్‌కి తన భార్య చార్వి సైకిలు వెనక చక్రం దగ్గర మట్టి కనిపించింది. పైపైన కడిగిన గుర్తులున్నాయి గానీ, ఊచల మొదట్లో ఎర్రగా ఎండి అంటుకుని ఉంది. వంగి గోటితో గీకి చూశాడు. అనుమానం లేదు, కొండమట్టే.

భీమిలి నుంచి గాజువాక దాకా ఇరవై మూడేళ్లుగా ఏ సైకిలు చక్రమూ మట్టి తొక్కలేదు. తొక్కాల్సిన పనే లేదు. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మం దాకా అంతా ఊతబాటే. దాని నల్లటి పొర కింద పరిచిన అయస్కాంతపు తీగలు సైకిలును నిటారుగా పట్టుకుంటాయి. ముందు మలుపున్నా, ఎవరైనా అడ్డం వచ్చినా సైకిలు పిడి సన్నగా వణుకుతుంది. దాన్ని పిడిపలుకు అంటారు. అది ఎటు వణికితే అటు తిప్పితే చాలు. మంగమారిపేట నుంచి చేపల బుట్టలతో వచ్చే ఆడవాళ్లు సైకిలు మీదే ఒక కునుకు తీస్తారు. ఊతబాట వచ్చాక అక్కడ సైకిలు మీంచి పడ్డ మనిషంటూ లేడు.

విహాన్ అన్న పేరు వింటేనే ఈ కాలం పిల్లలు ఎవరో పెద్దాయన అనుకుంటారు. పెద్దాయనే, యాభై ఎనిమిదేళ్లు. తెల్లగీత సైకిలు సంఘానికి నాయకుడు. అరవై మంది చక్రానికి చక్రం ఆనించినట్టు గంటకి నలభై అయిదు కిలోమీటర్ల వేగంతో పోతుంటే అందరికన్నా ముందుండేది ఆయనే.

బాట వదిలి ఆనందపురం అవతల కొండలెక్కేవాళ్లని సంఘంలో మట్టోళ్లు అంటారు. వాళ్ల మీద ఉన్న అనుమానాలకి అంతు లేదు. చక్రాలకి మట్టి తెచ్చి బాట తీగలు పాడు చేస్తారని ఒకరంటే, నడిచేవాడికన్నా మెల్లగా పోతూ దానికి సైక్లింగ్ అని పేరు పెట్టుకున్నారని మరొకరు. విహాన్ అనుమానం ఇంకా లోతైనది. పడకుండా పట్టుకునే బాటని వదిలి పడే చోటికి పనిగట్టుకుని పోతున్నారంటే, అక్కడ వాళ్లకి ఇంకేదో దొరుకుతూ ఉండాలి. నాలుగు ఆదివారాలుగా మోచేతి మీద గీతలతో, తనలో తనే నవ్వుకుంటూ ఇంటికొస్తున్న భార్యని చూస్తే ఏ మొగుడికైనా ఏమనిపిస్తుంది?

"మళ్లీ కొండకేనా?" అన్నాడు, చార్వి బూట్ల తాళ్లు కట్టుకుంటుంటే.

"అవునండీ."

"అక్కడేటుంది?"

"గుంటలున్నాయి."

"గుంటల కోసం ఎల్తావా ఇంత పొద్దున్నే?"

"మీరే వచ్చి చూడొచ్చు కదా," అంది చార్వి తలెత్తకుండా. "చక్రాలు గోక్కుంటూ కూచోడం కన్నా అదే నయం."

విహాన్ తేలు కుట్టిన దొంగలా తన సైకిలు బయటికి తీశాడు.

కొండ మొదట్లో ఊతబాట ఆగిపోతుంది. అంచున ఒక తెల్లగీత, గీత అవతల జీడితోటల మధ్య మట్టిదారి. గీత దాటగానే సైకిలు బరువు మొదటిసారి చేతులకి తెలిసింది. పది గజాలు పోకముందే నాయకుడుగారు ఎడమపక్కకి ఒరిగి పొదలో పడ్డారు.

ఎవరూ నవ్వలేదు. ఆ సంగతి కూడా ఆయనకి అనుమానంగానే తోచింది. చార్వి కాకుండా మట్టోళ్లు అయిదుగురున్నారు. వాళ్లకి పెద్ద నీలిమ అనే ఆవిడ, అరకులో నర్సుగా చేసి రిటైరైంది. చెయ్యిచ్చి లేపింది.

"పడ్డం అయిపోయింది కదన్నా. ఇంకేటి భయం."

మరో మూడుసార్లు పడ్డాడు. గంట గడిచేసరికి ముప్ఫై ఏళ్ల నాటి శరీరం ఎక్కడినుంచో మెల్లగా తిరిగొచ్చింది. ఎంత ఒరగాలో, ఎప్పుడు ఆగాలో కాళ్లకే తెలుస్తోంది. నిజం చెప్పాలంటే ఆయనకి బావుంది. బావుందని ఒప్పుకోవడమే బాగోలేదు.

ముందున్న నీలిమ ఎడమచెయ్యి కిందికి చూపించి "గుంట" అని అరిచింది. ఆమె వెనకాయన "గుంట" అన్నాడు. ఆ మాట ఒక్కొక్కరినీ దాటుకుంటూ చార్వి దాకా వచ్చింది. ఆమె వెనక్కి తిరిగి మొగుడితో అంది. "గుంటండీ."

ఆ మాట విని ఎన్నేళ్లయింది! మామూలు తారురోడ్ల కాలంలో గుంపుగా పోతే దారి కనిపించేది ముందున్నవాడికే. వాడు చెప్పాలి, రెండోవాడు మూడోవాడికి అందించాలి. ఆ పనిలో విహాన్‌ది పెద్ద గొంతు. ఆయన చక్రం వెనకే వచ్చేది చార్వి. "ఈయన వెనకాల కళ్లు మూసుకుని పోవచ్చు" అని ఇంట్లోవాళ్లతో వాదించి మరీ ఆయన్ని పెళ్లి చేసుకుంది. తర్వాత ఊతబాట వచ్చింది. ఎవరి పిడి వాళ్లకి కబురు చెప్పడం మొదలెట్టింది. ఒకరికొకరు చెప్పుకోవడం ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు.

దిగేటప్పుడు విహాన్ ముందుకొచ్చాడు. ఎంతైనా నాయకుడు.

"ముందున్నోళ్లు చెప్పాలన్నా," అంది నీలిమ.

"ఆ మాట నేర్పిందే మేమమ్మా," అన్నాడు విహాన్. చార్వి ఆయన వెనకే సైకిలు నిలబెట్టుకుంది. ముప్ఫై ఏళ్ల క్రితం లాగే, మూరెడు దూరంలో.

దారి వాలుగా ఉంది. గాలి చెవుల్లో కొడుతోంది. ఒక మలుపు తిరగగానే, రాలిన జీడాకుల కింద వాన కోసేసిన గుంట కనిపించింది. స్పష్టంగానే కనిపించింది. ఆయన చేతులు పిడిపలుకు కోసం ఒక్క క్షణం ఆగాయి. పిడి వణకలేదు. ఆఖరి నిమిషంలో తనే పక్కకి తిప్పుకుని గుంటని తప్పించాడు. ఎంత చక్కగా తప్పించానో అనుకున్నాడు కూడా.

వెనకనుంచి ఇనుము రాయికి కొట్టుకున్న చప్పుడు వచ్చింది.

చార్వి గుంటలో సైకిలు కింద ఉంది. కుడికాలు చీలమండ దగ్గర తిరగకూడని వైపుకి తిరిగి ఉంది. నీలిమ మోకాళ్ల మీద కూచుని ఆ కాలుని కదలకుండా పట్టుకుంది. చార్వి ఏడవలేదు. మొగుడి మొహంలోకి చూసింది.

"మీరు చూసేరా?"

"చూసేను."

"మరి చెప్పలేదేం?"

విహాన్ దగ్గర ఉన్నది ఒకటే జవాబు. అది నిజమే గానీ, తన చెవికే అబద్ధంలా వినిపించింది. "గుర్తు రాలేదు."

"కావాలనే చేసేడేటి?" అని వెనక ఎవరో గొణిగారు. కాదని చార్వి అంటుందేమోనని విహాన్ ఎదురుచూశాడు. ఆమె ఇంకా ఆయన్నే చూస్తోంది. పొద్దున్న ఆమె చక్రాన్ని తను ఎలా చూశాడో, అలా. అంత సిగ్గు ఆయన జీవితంలో ఎప్పుడూ పడలేదు.

రెండు కొమ్మలకి చొక్కాలు తొడిగి, చార్విని పడుకోబెట్టి మొయ్యడానికి డోలీలాంటి మోత కట్టారు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు పట్టుకున్నారు. నీలిమ పక్కనే నడుస్తూ కాలు పట్టుకుంది. వెనకవాళ్లకి మోత అడ్డంగా ఉండి కింద దారి కనపడదు.

"అన్నా, నువ్వే ముందు నడు," అంది నీలిమ. "ఈసారి చెప్పు."

మొదటి గుంట దగ్గర విహాన్ ఊరికే ఆగిపోయాడు. రెండోదాని దగ్గర ఎడమచెయ్యి కిందికి చూపించి, ఉన్న గొంతంతా పెట్టి అన్నాడు. "గుంట."

"గుంట," అన్నారు మోత ముందున్న ఇద్దరూ.

ఆ తర్వాతి గొంతు కోసం ఆగి వెనక్కి తిరిగి చూశాడు. చార్వి పళ్ల బిగువున మోచేతి మీద లేచి, మెడ చాచి, నిజంగానే అక్కడ గుంట ఉందో లేదో చూసుకుంటోంది. ఉంది. అప్పుడు తల వాల్చి, వెనకవాళ్లకి చెప్పింది.