ఒక్క పరీక్ష చాలదా?

తోలు గ్లౌజుల్ని జతలుగా కట్టాలి. వాటి నాణ్యత మీద ల్యాబ్ ఇచ్చిన రిపోర్టు జిరాక్స్ తీయించాలి. వాకిట్లో బొగ్గుదుమ్ము కడగాలి. తనిఖీకి వచ్చేవాడికి చాయ్ పెట్టాలి. అతని మీద కోపం తెచ్చుకోకూడదు.

గోదావరిఖనిలో గని కార్మికుల ఇళ్ల ఆడవాళ్లు నడిపే కుట్టు కేంద్రానికి ఆ గ్లౌజులే మొదటి విదేశీ ఆర్డరు. వాళ్లందరిలో మొదటి లా గ్రాడ్యుయేటు సంధ్యారాణి. అన్ని పనులూ చేసింది, చివరిది తప్ప.

"రిపోర్టు మంచిగనే ఉన్నది మేడం. కానీ బయ్యర్ వాళ్ల దేశంల మళ్ల టెస్ట్ చేపిస్తరట," అన్నాడు తనిఖీకి వచ్చిన బయ్యర్ ఏజెంటు రుత్విక్, వానకు తడిసిన జుట్టు తుడుచుకుంటూ.

"అదయ్యేసరికి ఆర్డరు వేరేటోళ్లకు పోతది. మీ బైక్ లైసెన్స్ ఏడ తీసుకున్నరు?"

"మంచిర్యాలల."

"మరి గోదావరి బ్రిడ్జి దాటంగనే, ఇక్కడ మళ్ల బైక్ మీద ఎనిమిది ఏసి చూపెట్టిన్రా?"

కుట్టుమిషన్ ముందు, కుట్టిన గ్లౌజులో చెయ్యి పెట్టి చూస్తున్న సంధ్య వాళ్లమ్మ లస్మవ్వ నవ్వింది. "ఈ వానల ఏస్తే పడ్తడే బిడ్డా!"

రుత్విక్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ దేశానికి, మనకు ఒప్పందం ఉన్నది," అంది సంధ్య. "గుర్తింపు ఉన్న ల్యాబ్‌ల ఈడ పాసైతే ఆడ పాసైనట్టే. వాళ్ల పరీక్షను మనం నమ్ముతున్నం. మన పరీక్షను వాళ్లు నమ్మాలె గద?"

తన పని కాదని అతను వెళ్లిపోవచ్చు. కానీ ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, బయ్యర్‌కు ఆ మాటే చెప్పాడు. తడబడినచోట సంధ్య అందుకుంది. అవతలివాళ్లు తమ లాయర్‌ను పిలిచారు. మిషన్లన్నీ ఆగిపోయాయి.

చివరికి జవాబు వచ్చింది: మళ్లీ పరీక్ష అక్కర్లేదు, సరుకు పంపండి.

కేంద్రమంతా ఒక్కసారి చప్పట్లు. "మా సంధ్య!" అని లస్మవ్వ అందరి వంకా చూసింది. ఆ చూపులోని గర్వం ముందు ఏ పట్టా అయినా చిన్నదే.

ఆ తర్వాత సరుకు ఉన్నా లేకున్నా రుత్విక్ తనిఖీకి వస్తూనే ఉన్నాడు; 'మేడం' అనడం మాత్రం మానేశాడు. ఒకరోజు గ్లౌజుల కట్ట ముందు నిలబడి, సంధ్యకేసి చూడకుండా అన్నాడు:

"మా అమ్మకు నీ సంగతి చెప్పిన. పెండ్లికి ఒప్పుకున్నది."

"నన్ను చూడకుంటనేనా? గదెట్ల?"

"బెల్లంపల్లి క్వార్టర్లల ఉన్నప్పుడు మా అమ్మకు కుట్టు నేర్పింది మీ అమ్మనేనట. 'లస్మవ్వ బిడ్డకు మళ్ల పరీక్షేందిరా!' అన్నది."

సంధ్య నవ్వు దాచుకోలేదు. "అయితే నువ్వు సుత మా ఇంట్ల పాసే."

మీరు ఈ ఇద్దరి పేర్లు మరిచిపోయినా ఫర్వాలేదు. కానీ దూరదేశంలో ఏ వెల్డరో ఆ గ్లౌజులు తొడుక్కుంటాడు. ల్యాబ్ కన్నా ముందు ప్రతి గ్లౌజులో తన చెయ్యి పెట్టి చూసిన లస్మవ్వను మాత్రం యాదిల ఉంచుకోండి.