పిక్కలేని చింతపండు

కలకత్తా వాట్‌గంజ్‌లో మున్సిపాలిటీ కోటర్ల వెనక, గోడవార ఒక చింతచెట్టు ఉండేది. పొద్దుగూకితే ఆ దారిన కుక్క కూడా పోయేది కాదు. లోడ్ షెడ్డింగ్ రాత్రుల్లో దాని కింద రాయి మీద రాయి పడ్డట్టు... టక్... టక్... అని వినపడేదట. బెంగాలీవాళ్లు పెత్ని, అంటే ఆడదెయ్యం, అనేవారు. మన తెలుగువాళ్లు మాత్రం పేరుపెట్టే చెప్పేవారు — నాగేశ్వరి అని.

నాగేశ్వరి బతికున్నన్నాళ్లూ అక్కడే కూర్చుని చింతపండు కొట్టేది. ఏ ఇంట పెళ్లయినా చారుకి పండు ఆమే తీయాలి. పిక్క ఉండదు, ఈనె ఉండదు. ఆ పని అందరికీ రాదు.

అలాంటిది కోదండం కూతురి పెళ్లిలో, నిండు పంక్తిలో, వంటమనిషి సింహాచలమ్మ విస్తట్లోంచి ఒక పిక్క ఎత్తి చూపించింది.

"ఏటే నాగేశ్వరీ, ఇదేనేటి నీ పనితనం?"

పంక్తంతా నవ్వింది. ఆ మీదట నాగేశ్వరిని ఎవరూ పనికి పిలవలేదు. రెండేళ్లకి పోయింది.

ఆ పెళ్లయి పదకొండేళ్లు గడిచాయి. ఆ రోజు బంద్, రెండో రోజు. కొట్లన్నీ మూసేశారు. సింహాచలమ్మ కోడలు సుందరికి ఐదో నెల. రెండు రోజులుగా మంచినీళ్లు కూడా కడుపులో నిలవడం లేదు. పెదాలు ఎండిపోయాయి.

"అత్తా... ఓ గుక్క చింతపండు చారయితే దిగుద్దేమో..."

జాడీ చూస్తే ఖాళీ. కొడుకు మల్లేశు డ్యూటీలో ఉన్నాడు. పక్కింట్లో అడగొచ్చు. కానీ సింహాచలమ్మ ఒకరి గుమ్మం ముందు చెయ్యి చాచిన మనిషి కాదు. దెయ్యం దగ్గరికైనా పోతుంది గానీ!

లాంతరు పట్టుకుని బయల్దేరింది. సందు మలుపు తిరిగిందో లేదో, కరెంటు పోయింది.

చెట్టు ఆకులు ముడుచుకుని ఉంది. సందుల్లోంచి వెన్నెల చుక్కలు చుక్కలుగా రాలుతోంది. కాళ్ల కింద పెచ్చులు పటపటమన్నాయి. వంగి కాయలు ఏరుకుంటోంది...

టక్.

"ఎవులది?"

టక్... టక్...

లాంతరు ఎత్తింది. రాతి మీద చింతపండు, ఎర్రగా, కుప్పగా. పిక్క లేదు. ఈనె లేదు. పక్కన మనిషీ లేదు.

చెవి వెనకాల చల్లగా ఒక గుసగుస —

"తీసుకో అప్పా... పిల్లకి గదా."

సింహాచలమ్మ కొంగు పరిచింది. మళ్లీ అదే గుసగుస —

"ఆ పెళ్లినాటి పిక్క ఎవులిదో... చెప్పీయవా?"

సింహాచలమ్మ గబగబా పండు కొంగులో వేసి ముడేసుకుంది. చెప్పడానికేముంది? వంట తనదీ, పేరు దానిదీ అయిందని ఓర్వలేక, ఆ పిక్క ఇంటి నుంచి కొంగున ముడేసుకెళ్లింది తనే.

వెనక్కి చూడకుండా పరిగెత్తింది.

పండు నానబెట్టి, పదివేళ్లతో తడిమి తడిమి పిసికింది. పిక్క తగల్లేదు. చారు కాగింది. సుందరి ఒక గ్లాసు తాగింది. ఇంకోటి తాగింది. నిలిచింది! పిల్ల కళ్లల్లోకి ప్రాణం వచ్చింది.

"ఎంత శుభ్రంగా తీసేరత్తా! ఎవులు తీసేరు?"

దూరంగా చెట్టు కింది చప్పుడు ఠక్కున ఆగిపోయింది. ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టు...

సింహాచలమ్మ కిటికీ వైపు చూసింది. కోడలి వైపు చూసింది. మెడ నిటారుగా పెట్టింది.

"ఎవులేటి? నానే తీసినాను."

గిన్నెలో మిగిలిన చారు ఎత్తి ఒక గుక్క తాగింది.

టక్.

ఈసారి చెట్టు కింద కాదు — తన పంటి కింద.

అరచేతిలోకి ఉమ్మి, లాంతరు దగ్గరికి పట్టింది. చింతపిక్క.

పొగలు కక్కే చారులోంచి వచ్చిన పిక్క... పొడిగా ఉంది. పదకొండేళ్లు కొంగున ముడేసి ఉంచినట్టు.